పేరిందేవి బియ్యం సంచీ

అనగనగా ఒక ఊరుందమ్మడూ. ఆ ఊళ్ళో ఓ గ్రంథాలయం. పెద్ద మేడ అనుకునేవు, పెంకుటిల్లే. దాన్ని పేరిందేవి అనే ఆవిడ నడిపేది.

ఎలా నడిపేదంటావా? ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి ముంతలో వేసేది. శనివారం పేరిందేవి సంచీ పట్టుకుని ఇంటింటికీ వచ్చి అవి తీసుకెళ్ళేది. అమ్మి, పేపరు తెప్పించేది. బస్తీ నుంచి కొత్త పుస్తకాలు తెచ్చేది. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళని కూర్చోబెట్టి చదువు చెప్పేది. ఊరంతా "మన గ్రంథాలయం" అనేవారు.

అప్పుడు గన్నెయ్య అని, మిల్లు ఆసామి, వాడి కన్ను దానిమీద పడింది. ముందు పెంకులు తీయించి శ్లాబు వేయించాడు. ఆ తర్వాత అద్దాల బీరువాలు కొన్నాడు. ఆ తర్వాత వాళ్ళ నాన్న పేరు రాయించి గుమ్మం మీద బోర్డు పెట్టించాడు.

"నేనుండగా ఇల్లిల్లూ తిరిగి అడుక్కోవడమేంటమ్మా? నాకు నామోషీ" అన్నాడు.

పేరిందేవి పిచ్చిది, నమ్మింది. ఇక బియ్యం తియ్యొద్దని ఇంటింటికీ వెళ్ళి తనే చెప్పింది. హమ్మయ్య అనుకున్నారు అందరూ. ముంతల్లో చింతపండు పెట్టుకున్నారు.

మూడేళ్ళకి గన్నెయ్య పంచాయతీ ప్రెసిడెంటుగా నిలబడ్డాడు. ఊరు ఓడించింది. మర్నాడే పేపరు ఆగిపోయింది. ఆ తర్వాత తాళంచెవి వాళ్ళింటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పుస్తకాలు బయట వసారాలోకొచ్చాయి, ఎరువు బస్తాలు లోపలికెళ్ళాయి.

అప్పుడు పేరిందేవి మళ్ళీ సంచీ తీసింది. వానలు పడేలోగా ఓ గది అద్దెకు తీసుకోకపోతే పుస్తకాలు దక్కవు మరి.

మొదటి ఇంట్లో, "అది గన్నెయ్యగారిది కదా, ఆయన్నే అడగండి" అన్నారు. రెండో ఇంట్లో, "వద్దన్నది మీరే కదండీ" అన్నారు.

మూడో ఇంటి కోడలికి అక్షరాలు దిద్దించింది పేరిందేవే. పుట్టింటికి తన చేత్తో ఉత్తరం రాసుకునేలా చేసింది ఆవిడే. ఆ పిల్ల కిటికీ సందులోంచి చూసింది. పేరిందేవి రెండుసార్లు పిలిచింది. పిల్ల తలుపు తియ్యలేదు. ఆవిడ సంచీ మడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ వారమే వాన పట్టుకుంది. పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. పేరిందేవి మళ్ళీ ఎవరి గుమ్మమూ ఎక్కలేదు.

ఏంటీ, ఆ కోడలు చెడ్డదా అంటావా? కాదే, పిరికిది. గన్నెయ్య మిల్లులో మీ తాతయ్య గుమాస్తా. ఆ ఉద్యోగం ఊడుతుందని భయపడ్డాను.

కథ కంచికి పోయింది,
నా సిగ్గు నాకు మిగిలింది.
ఇక పడుకో అమ్మడూ.