అలుగవ్వ తవ్విన రెండో గుమ్మం

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ, అప్పుడప్పుడు ఒళ్ళు విరుచుకునే ఒక కొండ. అది ఒళ్ళు విరిచినప్పుడల్లా నేల కంపించేది, బండలు దొర్లేవి. అందుకే జంతువులు దానిని ఉలికికొండ అని పిలిచేవి.

ఆ కొండ వాలులో అలుగవ్వ ఉండేది. అలుగు అంటే తెలుసు కదా, పిల్లలూ? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, పొడవైన నాలుక, నేలను తవ్వే గట్టి గోళ్ళు. చీమలే దాని భోజనం. మూడేళ్ళ కిందట నేల గట్టిగా కంపించినప్పుడు బొరియ వాకిలి పూడిపోయింది. లోపల నిద్రపోతున్న అలుగుతాత మరి బయటికి రాలేదు.

"ముందే తెలిసి ఉంటే లేపేదాన్ని కదా!" అనుకుంది అలుగవ్వ. ఆనాటి నుంచి గుర్తులు వెతకసాగింది. చీమలు గుడ్లు మోసుకుపోతే బండ మీద ఒక గీత. ఊటనీరు బురదగా మారితే ఒక గీత. పాములు పుట్ట విడిచి తిరిగితే ఒక గీత. నేల కంపిస్తే ఒక సున్న.

"అవ్వా, నువ్వు చీమలను చూస్తున్నావా, తింటున్నావా?" అని ఏదుపంది ఆటపట్టించేది.

"ముందు చూస్తాను నాయనా, తరువాత తింటాను" అనేది అలుగవ్వ.

అదే అడవిలో తురాయిరాజు అనే అడవికోడిపుంజు ఉండేది. దానికి గీతలతో పని లేదు. ఒకనాడు ఎత్తైన బండ ఎక్కి, "కొక్కొరొకో! రాబోయే పున్నమికి భూకంపం!" అని కూసింది. జంతువులన్నీ గుహలు వదిలి మైదానంలో వణుకుతూ కూర్చున్నాయి. పున్నమి వచ్చింది, పోయింది. నేల కదలలేదు.

"నా కూతకు భయపడి భూమి ఆగిపోయింది" అన్నది తురాయిరాజు.

రెండోసారి అమావాస్యకు అన్నది. అప్పుడూ ఏమీ జరగలేదు. అంతలో ఒక వలస కొంగ వచ్చి, "ఏడు కొండల అవతల నేల కాస్త అదిరిందట" అన్నది.

"చూశారా! రోజు సరిగ్గానే చెప్పాను. కొండ ఒక్కటే తప్పింది!" అన్నది తురాయిరాజు.

మూడోసారి నిజంగానే ధడధడమని చప్పుడైంది. అందరూ పరుగుతీశారు. తీరా చూస్తే ఏనుగుల గుంపు నీళ్ళకు పోతోంది.

మూడుసార్లు పిల్లలిద్దరినీ వీపున మోసుకుని పరుగెత్తిన ఎలుగుబంటి నల్లమ్మకు ఒళ్ళు మండింది. ఆమె గుహ వాకిలి మీద ఒక పెద్ద బండ వేలాడుతూ ఉండేది. దానిని చూసినప్పుడల్లా అలుగవ్వకు పూడిపోయిన తన బొరియ వాకిలి గుర్తొచ్చేది.

నల్లమ్మ ఏదుపందిని వెంటబెట్టుకుని అలుగవ్వ దగ్గరికి వచ్చింది. "అవ్వా, మూడేళ్ళుగా గీతలు గీస్తున్నావు. ఊటనీరు నిన్నటి నుంచి బురదగా ఉంది. రేపు నేల కంపిస్తుందా? నువ్వు అవునంటే ఇప్పుడే ఇల్లు మారతాను. తెలియదంటే మాత్రం గడప కదలను. ఇక పిల్లలను మోయలేను" అన్నది.

అలుగవ్వ తన గీతల బండ వైపు చూసింది. 'రేపే' అంటే చాలు, పిల్లలు ఆ బండ కింద నుంచి తప్పుకుంటారు. కాని రేపు రాకపోతే? ఎల్లుండి నల్లమ్మ తిరిగి ఆ గుహకే పోతుంది. ఆ తరువాత ఎవరి మాటా వినదు.

"నల్లమ్మా, నా గీతలు చెప్పేది విను" అన్నది చివరికి. "చీమలు గుడ్లు మోయడం నలభైసార్లు చూశాను. ముప్పైఏడుసార్లు వాన పడింది. మూడుసార్లు ఏమీ జరగలేదు. నేల కొంచెం అదిరింది రెండుసార్లే. ఆ రెండుసార్లూ చీమలు తమ దారిన తాము పోతున్నాయి. ఊటనీరు, పాముల గీతలూ అంతే. నేల మళ్ళీ కంపిస్తుంది. అది మాత్రం నిజం. ఏ రోజో నాకు తెలియదు."

"ఈ మాటకు మూడేళ్ళా?" అని ఏదుపంది ముళ్ళు రాలేలా నవ్వింది.

"మూడేళ్ళే పట్టింది నాయనా. నాకు కావలసినది తేదీ కాదని, మా బొరియకు లేని రెండో గుమ్మమని తెలుసుకోవడానికి." అలుగవ్వ నల్లమ్మ వైపు తిరిగింది. "నల్లమ్మా, నీ గుహకు వెనుకవైపు నన్ను ఒక గుమ్మం తవ్వనిస్తావా?"

"నీ గోళ్ళు, నీ ఓపిక. నా పిల్లల నిద్ర మాత్రం చెడగొట్టకు" అన్నది నల్లమ్మ.

అలుగవ్వ పన్నెండు రోజులు తవ్వింది. రాతినేలకు గోళ్ళు అరిగిపోయాయి. గుమ్మం పూర్తయ్యాక ఎలుగుపిల్లలకు ఒక ఆట నేర్పింది. "నేను నేలను దబదబా బాదుతాను. ముందుగా వెనుక గుమ్మం దాటినవారిదే గెలుపు!" పిల్లలకు ఆ ఆట ఎంతగా నచ్చిందంటే, అవ్వ అలిసిపోయినా అవి అలిసేవి కావు.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం. ఊటనీరు తేటగా ఉంది. పాములు పుట్టల్లోనే ఉన్నాయి. తురాయిరాజు, "ఈ నెలంతా నిశ్చింత!" అని కూసి ఇంకా బండ దిగలేదు. నల్లమ్మ పిల్లలను గుహలో ఉంచి, దూరంగా ఇప్పపూలు ఏరుకుంటోంది.

అప్పుడు ఉలికికొండ ఒళ్ళు విరుచుకుంది.

నేల ఊయలలా ఊగింది. గుహ మీది బండ దభాలున జారి వాకిలిని మూసేసింది. నల్లమ్మ రొప్పుతూ వచ్చి బండను రక్కింది, నెట్టింది, గుద్దింది. అది కదలలేదు. "అయ్యో, నా తల్లులారా!" అని నేల మీద పడిపోయింది. అలుగవ్వ పరుగున వచ్చింది. వెంటనే వెనుక గుమ్మం వైపు తిరిగింది.

అంతలో కొండ వెనుక నుంచి దుమ్ము కొట్టుకున్న రెండు బుల్లి ఎలుగులు కొట్లాడుకుంటూ వచ్చాయి.

"అమ్మా, నేనే గెలిచాను!"

"అబద్ధం! నా ముక్కు ముందు బయటికొచ్చింది! అవ్వా, నువ్వే చెప్పు!"

నల్లమ్మ పిల్లలిద్దరినీ, వాటితోపాటు అలుగవ్వనూ కలిపి కౌగిలించుకుంది. పొలుసులు గుచ్చుకున్నా వదలలేదు. అలుగవ్వకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మరునాడు అడవిలో ఎక్కడ చూసినా తవ్వకాలే. తురాయిరాజు తల వంచుకుని వచ్చి, "అవ్వా, ఇక నా గొంతు ఎందుకూ పనికిరాదా?" అని అడిగింది.

"ఎందుకు పనికిరాదు? వారానికొకసారి, నీకు తోచిన వేళ, ఎవరికీ చెప్పకుండా కూయి. నీ కూత ముగిసేలోగా అందరూ బయట ఉండాలి" అన్నది అలుగవ్వ.

తురాయిరాజు ఆనందంగా అలాగే చేసింది. మొదటిసారి అందరూ బయటికొచ్చారు గాని, ఏదుపంది తన కొత్త గుమ్మంలో ముళ్ళు విప్పుకుని ఇరుక్కుపోయింది. నల్లమ్మ ముందు కడుపారా నవ్వి, తరువాత తన గోళ్ళతో ఆ గుమ్మాన్ని ఇంకో జానెడు వెడల్పు చేసింది.

నీతి: ఆపద ఏనాడు వస్తుందో తెలియదని ఒప్పుకోవడం చిన్నతనం కాదు, ఏనాడు వచ్చినా తప్పించుకునే దారిని ముందే సిద్ధం చేసుకోవడమే తెలివి.