ఎర్రగుంపు కింద నాన్న

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు పక్కన మూడు మడుగులు. వాటిలో వేటాడే ఒక నీరుకుక్క. పొడుగాటి మీసాలు కదా, అందరూ దాన్ని మీసాలక్క అనేవారు. దానికి ఇద్దరు పిల్లలు. తిండిలో మాత్రం నలుగురి పెట్టు!

తొలకరి పడింది. పై మడుగులో నీళ్ల మీద ఎర్రగా ఓ గుంపు కదిలింది. అవి కొర్రమీను పిల్లలు. వాటి కిందే తండ్రి కొర్రమీను కాపలా ఉంది. మీసాలక్క మునిగింది. తండ్రి పారిపోలేదు, ఎదురు తిరిగింది. మీసాలక్క దాన్ని ఇట్టే పట్టేసింది.

"ఎంత తెలివితక్కువ చేపో!" అని నవ్వుకుంది.

మూడో రోజుకు అక్కడ ఒక్క ఎర్రపిల్ల కూడా లేదు. కాచే తండ్రి లేకపోయేసరికి కప్పలు, కొంగలు, జెల్ల చేపలు తలా కాసిని మింగేశాయి. మీసాలక్క నడి మడుగుకు పోయింది. అక్కడా అంతే జరిగింది.

ఇక మిగిలింది కింది మడుగు. అక్కడా ఎర్రగుంపు, కింద తండ్రి. మీసాలక్క మునగబోతుంటే గట్టు మీది ముసలి తాబేలు మెడ చాచింది.

"ఏమే మీసాలక్కా, పై మడుగులో కొర్రమీలెన్ని ఉన్నాయి?"

"ఒక్కటీ లేదు తాతా."

"నడి మడుగులో?"

"అక్కడా లేవు."

"ఇదీ తినేసి వచ్చే ఏడు నీ పిల్లలకేం పెడతావే, మన్నా? ఎండాకాలమంతా బురదలో దూరి, గాలి పీల్చి బతికిన చేప అది. ఒక్క నెల ఆగు. ఆ పిల్లలు తమ దారి తాము చూసుకుంటాయి. కూర్చున్న కొమ్మను నరుక్కోకు."

"నీకేం, నాచు తిని బతుకుతావు!" అంది మీసాలక్క కోపంగా. వెనక నుంచి పిల్లలు "అమ్మా, ఆకలి!" అని ఏడ్చాయి.

అప్పుడే తండ్రి కొర్రమీను గాలి గుటక కోసం పైకి వచ్చింది. మీసాలక్కను చూసింది. అయినా మళ్లీ పిల్లల కిందికే పోయింది.

'నేనైనా ఇంతే కదా,' అనుకుంది మీసాలక్క. దానికి సిగ్గేసింది. వెనక్కి తిరిగింది.

ఆ నెలంతా పీతలే తిండి. పీతలు మూతులు గిచ్చాయి. పిల్లలు రోజూ సణిగాయి. మీసాలక్క చిక్కి సగమైంది.

మరుసటి తొలకరికి వాగు పొంగి మూడు మడుగులూ కలిశాయి. కింది మడుగు చేపలు పైదాకా ఎదురెక్కాయి. ఒకచోట మళ్లీ ఎర్రగుంపు కనిపించింది. ఎదిగిన నీరుకుక్క పిల్ల ఒకటి దూకబోయింది. మీసాలక్క దాని తోక పట్టి లాగింది.

"ఆగరా! ఆ పిల్లల కింద వాళ్ల నాన్న ఉన్నాడు. వేరేది పట్టుకో, బోలెడున్నాయి."

నీతి: పిల్లల్ని కాచుకునే చేపను ఈ ఏడు వదిలితేనే, వచ్చే ఏడు మన పిల్లలకు చేప.