బిరుదులు మోసిన గొంతు

ఒక రాజు ఏటి ఒడ్డున కోట కట్టుకున్నాడు. కట్టాక ఏరంటే భయం పట్టుకుంది. కొండ దాకా వరసగా దిబ్బలు పోయించి, దిబ్బకొకరిని కూతకు పెట్టాడు. పై దిబ్బవాడు నీటి సంగతి కేకేస్తే కింది దిబ్బవాడు అందుకుని ఇంకా కిందికి కేకేస్తాడు. కబురు అలా కోటకు చేరుతుంది.

ఆ దేశంలో గొంతుకు కొలత ఉంది. గుసగుసకు చెంచాడు ఖర్చు, కేకకు కుండెడు. అయిపోతే మళ్ళీ ఊరదు.

కోట పక్క దిబ్బమీద ఒక ముసలమ్మ ఉండేది. పై వాళ్ళందరి కేకలూ ఆమె గొంతులోంచే కోటకు పోవాలి. పైకి పోయేకొద్దీ గొంతులు నిండుగా ఉన్నాయి. ఆమెది అడుగంటుతోంది.

దానికి తోడు ఒక మర్యాద. ప్రతి కబురుకూ ముందు రాజుగారి బిరుదులన్నీ చదవాలి. శత్రుగజకేసరి, సకలదిగ్విజేత, దీనజన కల్పవృక్షం... అవన్నీ అయ్యేసరికి ఎండలో నిలబడ్డ మనిషి మీదికి నీడ వచ్చేసేది. ఆ చివర కబురు ఇంతే: ఏరు నిన్నటిలాగే ఉంది.

ముసలమ్మ కోటకు పోయి గుసగుసగా చెప్పుకుంది.

"అయ్యా, ఏరు మారితేనే అరుస్తాం. లేకపోతే ఊరుకుంటాం. నా గొంతు నిలవాలి."

"ఊరుకుంటే నిద్రపోయింది ఏరో, మీరో నాకెలా తెలుస్తుంది?"

"పొద్దున్నే ఒక్క కూత వేస్తాం, ఉన్నామని."

"బిరుదులతోనేనా?"

"బిరుదులతో ఏటికేం పని అయ్యా?"

"బిరుదులు లేని కేక నాది కాదు. ఇంకెవరికో అనుకుంటాను. పో."

ఆమె వచ్చి దిబ్బెక్కింది. రోజూ బిరుదులు చదువుతూనే ఉంది.

వానలు ముదిరాయి. ఒకనాడు పై దిబ్బవాడు గొంతు సవరించుకుని శత్రుగజకేసరి నుంచి మొదలుపెట్టాడు. వాడు కల్పవృక్షం దాకా వచ్చేలోపు ఏరు వాడి దిబ్బ దాటేసింది. చివరికి అసలు మాట వచ్చింది: ఏటి కట్ట తెగింది!

ముసలమ్మ గొంతులో రెండు కేకలు మిగిలాయి. బిరుదులు చదివితే కబురుకు చాలదు.

"ఏరొస్తోంది!" అని కోటవైపు ఒక కేకేసింది.

పాచికలాడుతున్న రాజు తల తిప్పాడు. "ఎవరికో" అని పందెం వేశాడు.

ఇంకొక్క కేక ఉంది. ఆమె కోటకు వీపు తిప్పి, పల్లంలో ఉన్న వాడవైపు తిరిగింది.

"ఒరే సచ్చినోళ్ళారా! పిల్లల్నెత్తుకుని గుట్టెక్కండ్రా!"

గొంతు అక్కడితో సరి. తిట్టు వినపడగానే అది తమకేనని వాడ మొత్తానికీ అర్థమైంది. కుంటివాడితో సహా అందరూ గుట్టెక్కారు.

నీళ్ళు నిలిచాక జాలరి ఒకడు పడవ వేసుకొచ్చి దిబ్బమీంచి ముసలమ్మను ఎక్కించుకున్నాడు. కోట కప్పుమీంచి ఎవరో అరుస్తున్నారు. ఎప్పుడూ కేకెయ్యని గొంతు, ఖణీమంటోంది. "శత్రుగజకేసరి! సకలదిగ్విజేత!"

జాలరి గెడ ఆపాడు. "అవ్వా, ఎవర్నో పిలుస్తున్నారు. మనోళ్ళలో అంత గొప్పోడు ఎవడే?"

ముసలమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. చెయ్యెత్తింది. అది కోటవైపో గుట్టవైపో వాడికి తెలియలేదు.

వాడు ఇంకాసేపు విన్నాడు. పేరు ఎక్కడా రావడంలేదు.

"పూర్తి కానీలే, అప్పుడొద్దాం" అని గుట్టవైపు గెడ వేశాడు.