ఏరు దాటని నూకాలు

గోదారి నడుమ ఒక లంక. ఏటికేడు మేట వేసిన ఇసుక, నడుము లోతు రెల్లు, ఉత్తరపు కొసన ఎత్తైన దిబ్బ. గట్టు మీద మేసేవాళ్ళెవరూ దాని వంక చూడకముందు నుంచీ అక్కడ తాబేళ్ళుండేవి. వాటిలో పెద్దది నూకాలు. ఆమె పుట్టింది ఆ దిబ్బలోనే. ఏటా ఎండాకాలం చివర ఆమె గుడ్లు పాతిపెట్టేదీ అందులోనే. ఎంత వరదొచ్చినా దిబ్బ మునగదు. తాబేళ్ళకి తెలిసిన గొప్ప సంగతి అదొక్కటే, వాటికది చాలు.

గట్టు మీద గడ్డి తరిగి మందనేలే ఆంబోతు పెత్తనం పెరిగాక, ఒక్కొక్కరే ఏరు దాటడం మొదలెట్టారు. ముందు కొండరేవు మేకలొచ్చాయి, బిక్కుబిక్కుమంటూ. తర్వాత ముసలి దున్న వెనకాల పాతరేవు గేదెలు. అందరికన్నా ఆఖర్న, వరదకి కొట్టుకొచ్చిన అరటిబోదె మీద ఒక నక్క. ఆంబోతు తరిమేస్తే వచ్చానని అది చెప్పలేదు. ఆంబోతు మొహం చూడబుద్ధి కాక తనే వచ్చేశానంది.

నూకాలు ఎవరినీ పొమ్మనలేదు. లంక ఎవరిదన్న ఆలోచనే ఆమెకెప్పుడూ రాలేదు మరి. ఏ గడ్డి తింటే కడుపుబ్బుతుందో మేకలకి చెప్పింది. మొదటి వరద నాడు నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి అందరూ అరుస్తుంటే, తనే ముందు నడిచి దిబ్బ ఎక్కించింది. తూర్పు పక్కన మా గుడ్లున్నాయి, అటు మాత్రం తొక్కకండర్రా అని ఒక్కటే అడిగింది. ముసలి దున్న ఆ అంచున మూడు రోజులు కాలు కదపకుండా నిలబడి, వేరేవాళ్ళు అటు రాకుండా చూసింది. అంత ఒళ్ళు పెట్టుకుని అంత జాగ్రత్తగా నిలబడిన జీవాన్ని నూకాలు ఎన్నడూ చూడలేదు. అప్పట్నుంచీ దున్నంటే ఆమెకి తగని ప్రేమ.

వరద తీసిందో లేదో కొట్లాటలు మొదలు. కొండరేవు వాళ్ళు పాతరేవు వాళ్ళ పక్కన మేయరు. పాతరేవు వాళ్ళు కొండరేవు వాళ్ళు తాగిన చోట మూతి పెట్టరు. వదిలేసి వచ్చిన రేవుల కోసం, ఉన్న గడ్డి వదిలేసి కుమ్ముకునేవాళ్ళు. చూసే నూకాలుకి నవ్వూ వచ్చేది, దిగులూ వేసేది.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం గట్టు నుంచి కబురొచ్చింది. లంకలో ఉన్నవాళ్ళంతా ఎప్పటికీ తన మందే కాబట్టి, ఈ ఏడు లంక గడ్డి తన దూడలకే వదిలెయ్యాలని ఆంబోతు ఆజ్ఞ. ఏరు సన్నబడింది, నడిచే దాటెయ్యొచ్చు. మేకలు వణికిపోయి, ముందు గేదెల మీద పడితే మేం తప్పించుకుంటాం అని లెక్కలేసుకున్నాయి. గేదెల లెక్కా అదే.

నూకాలుకి ఒళ్ళు మండింది. అందరి మధ్యకీ వచ్చి తల బయటపెట్టింది.

"ఇంకా ఏ రేవర్రా మీకు? అంతా ఏరు దాటొచ్చినవాళ్ళే కదా. ఏరు దాటొచ్చినవాళ్ళంతా లంకవాళ్ళే. ఇంక మీలో మీకు గొడవేంటి?"

నక్క చెవులు నిక్కబొడుచుకుంది.

"ఆ మాట ఇంకోసారి చెప్పు, నూకాలత్తా."

ఆమె మళ్ళీ చెప్పింది. ఆ పూటకి నక్క దాన్ని లంకంతా తిప్పింది. మర్నాటికి మేకలూ గేదెలూ ఒకే గొంతుతో అదే మాట అంటున్నాయి. తన మాట ఇంతమంది నోట వినపడుతుంటే నూకాలు డిప్పలోనే పొంగిపోయింది. ఊబి ఎక్కడుందో తనే చూపించింది. మేకలు ఊబికి అవతల నిలబడి ఆంబోతుని ఎగతాళి చేశాయి. అది రంకెలేస్తూ వచ్చి పొట్టదాకా దిగబడింది. గేదెలు కొమ్ములు వంచి నిలబడ్డాయి. ఎలాగో పైకి తేలిన ఆంబోతు, మంద ముందు బురదతో వెనక్కి నడిచి వెళ్ళింది. మళ్ళీ ఇటు రాలేదు.

తర్వాత ఏళ్ళు గడిచాయి. లంకలో పుట్టిన మేకలకి కొండరేవు ఎటుందో తెలీదు. గేదెలతో కలిసి పెరిగి వాటి గొంతు కూడా బరువెక్కింది. మీరెవరంటే అందరిదీ ఒకటే జవాబు, లంకవాళ్ళమని. విన్నప్పుడల్లా నూకాలుకి కడుపు నిండినట్టుండేది.

మందలు పెరిగాక దిబ్బ మీద చోటు చాల్లేదు. దిబ్బ ఎవరిదో తేల్చాలని సభ పెట్టారు. దిబ్బ లంకవాళ్ళది అని నక్క తేల్చింది. అందరూ ఔనన్నారు. నూకాలు అందరికన్నా ముందంది. లంకవాళ్ళెవరో ఒక్కొక్కరూ వచ్చి చెప్పుకోవాలంది నక్క. మా తాత కొండరేవు దాటొచ్చాడని మేక చెప్పింది, దిబ్బెక్కింది. నేనే పాతరేవు దాటొచ్చానని ముసలి దున్న చెప్పింది, ఎక్కింది. తాబేళ్ళందరి తరఫునా నూకాలు వంతు వచ్చింది.

"నువ్వే రేవు దాటొచ్చావత్తా?"

"నేనెక్కణ్ణించీ రాలేదు కదా. నా గుడ్డు పగిలింది ఇక్కడే."

"మీ అమ్మ?"

"ఆవిడా ఇక్కడే."

నక్క చాలా బాధపడుతున్నట్టు తల దించుకుంది. "ఏరు దాటొచ్చినవాళ్ళే లంకవాళ్ళన్నది నీ మాటే. దాని మీదే మేమంతా ఒకటయ్యాం. ఇప్పుడు నీ కోసం దాన్ని మార్చమంటే ఎలా?"

నూకాలు దున్న వంక చూసింది. దున్న చాలాసేపు నెమరేసింది. చివరికి, మెత్తగానే అంది: "నిన్నెవరూ లంక విడిచి పొమ్మనరు, నూకాలూ. నీళ్ళంచున ఉండు. నీకు నీళ్ళలో అలవాటే కదా."

మూడు రోజులు కాలు కదపని దున్న ఆ మాట అంది. నూకాలుకి నక్క మీద రాని కోపం దాని మీద వచ్చింది. నీళ్ళ వైపు తిరిగి నడిచింది. అబద్ధమాడి ఏదో ఒక రేవు పేరు చెప్పి ఉంటే సరిపోయేదని ఆమెకి దిగువకి వచ్చాక తట్టింది. తట్టినా, నోరు తిరిగేది కాదేమో.

ఆ ఎండాకాలం ఆమె గుడ్లు నీళ్ళంచున, పల్లపు ఇసుకలో పాతింది. వేరే చోటు లేదు. అవి పగలడానికింకా పదిరోజులుందనగా ఏరు పొంగింది. ఎర్రనీళ్ళు ఇసుక మీదికెక్కుతుంటే ముందుకాళ్ళతో తవ్వింది, తవ్విన గుంట తవ్వినట్టే నిండిపోయింది. ఒక్క గుడ్డునీ పైకి తేలేకపోయింది.

దిబ్బ మీద లంకవాళ్ళంతా పొడిగా నిలబడి ఉన్నారు. ఏరు దాటొచ్చినవాళ్ళంతా ఒకటే అని పాడుకుంటున్నారు. ముసలి దున్న కళ్ళు మూసుకుని పాడుతోంది. కింద సుడుల్లో తిరుగుతున్న తాబేలు ఒక కుర్ర మేక కంటబడింది.

"పాపం," అంది పక్కదానితో, "ఏ గట్టు నుంచి కొట్టుకొచ్చిందో."

మనమంతా ఒకటే అని పొంగిపోయే ముందు, ఆ మనలో తానున్నదీ లేనిదీ అడిగి తెలుసుకోవాలి.