నలభై అడుగుల బావి

పందిళ్ళపల్లెలో అంకమ్మ కొడుకులు నలుగురికీ నాలుగిళ్ళు, నాలుగు వాకిళ్ళు. తెలివి మాత్రం ఉమ్మడి. "మా బుర్రల్లో సగం చాలు, ఊరు బాగుపడడానికి" అనేవాళ్ళు.

అంకమ్మకు మోకాళ్ళ నొప్పులు. కోసెడు దూరాన ఉన్న ఊరబావి నుంచి బిందె మోయలేక ఏడ్చేది. "ఇంటి దగ్గర బావి తవ్వండ్రా నాయనా" అంది. జలం చూసేవాడొచ్చి, నలభై అడుగులు తవ్వితే నీళ్ళన్నాడు.

ఎక్కడ తవ్వాలి? అంతకుముందు రోజే ఒక పెద్దమనిషి సభలో, "ఎవరి బాగు వాళ్ళు చూసుకుంటే ఊరి బాగు దానంతటదే అవుతుంది" అని చెప్పిపోయాడు. అంతే, ఓట్లేసుకున్నారు. ఎవడి వాకిలికి వాడే వేసుకున్నాడు.

"నలుగురమూ గెలిచాం!" అన్నాడు పెద్దవాడు పోలయ్య. "ఓడినవాడే లేడు. ఇంతకన్నా మంచి ఎన్నిక ఎక్కడన్నా చూశావా అమ్మా?"

"మీ నాన్న బతికుంటే ఎంత మురిసిపోయేవాడో" అని అంకమ్మ కళ్ళొత్తుకుంది.

ఇంకేముంది, తలా ఒక వాకిట్లో తలా పదడుగులు తవ్వారు. నాలుగు పదులు నలభై. బొక్కెన వేస్తే ఇసుకొచ్చింది. లెక్క సరిగ్గానే ఉంది, నీళ్ళే తప్పాయని తేల్చారు.

పక్కింటి చెన్నమ్మ నోరు నొక్కుకుంది. "నాలుగు గోతులూ ఒక్కచోట ఉంటే నీళ్ళు పడేవి గదరా!"

"అదీ మాటంటే!" అని చిన్నవాడు తిరపతయ్య ఎగిరి గంతేశాడు. గొయ్యిని ఎత్తుకుపోవడం కష్టం. కానీ గోతిలోంచి వచ్చింది మట్టేగా? మట్టంతా ఒక్కచోట చేరిస్తే గోతులు చేరినట్టే. మరి ఎవరి వాకిట్లో పోయాలి? నా వాకిట్లో వద్దంటే నా వాకిట్లో వద్దని జుట్లు పట్టుకున్నారు.

"ఎవరిదీ కాని చోట పోద్దాం" అన్నాడు పోలయ్య. "ఊరబావి అందరిదీ. అంటే మనలో ఎవడిదీ కాదు."

అంతే. మూడు రోజులు బండ్లతో తోలి, నాలుగు గోతుల మట్టీ ఊరబావిలో పోసేశారు. బావి అంచుదాకా నిండింది. ఊరు ఊరంతా ఖాళీ బిందెలతో నిలబడి శాపనార్థాలు పెట్టింది.

నలుగురూ తల్లి దగ్గరికి పరిగెత్తారు. "అమ్మా, ఇక నువ్వు అంత దూరం నడవక్కర్లేదు! అక్కడ బావే లేదు!"

అంకమ్మకు ఆనందం ఆగలేదు. "నా బంగారాలు! ఊరి కళ్ళన్నీ మీ మీదే ఉన్నాయిరా. చెంబెడు నీళ్ళు పట్రండి, దిష్టి తీస్తాను."

ఇంకేముంది, నలుగురూ తలా ఒక చెంబు పట్టుకుని ఎవరి గోతిలోకి వాళ్ళు దూకారు.