గుమ్మం దగ్గర విడిచిన బూట్లు

ఎల్లమంద చెయ్యి పడితే మూలనపడ్డ బండి కూడా లేచి కూర్చుంటుందని మేదరమెట్ల రోడ్డు పొడుగునా పేరు. ఆ పేరు ఒక పెద్ద మోటారుసైకిలు దగ్గర చిక్కుకుంది.

బండి పిచ్చిరెడ్డి గారిది. లారీలు తిప్పి తిప్పి, పని కొడుకులకి అప్పజెప్పి, ఇప్పుడు భార్య సుగుణమ్మని వెనక కూర్చోబెట్టుకుని ఊళ్లు చూసొస్తున్న మనిషి. ఆయన కుడి మణికట్టు ఎప్పుడో విరిగి సరిగ్గా అతకలేదు. దూరం పోతే యాక్సిలేటర్ తిప్పి పట్టుకోలేడు. అందుకే క్రూయిజ్ కంట్రోల్ ఉన్న బండి కొనుక్కున్నాడు. బటన్ నొక్కితే చాలు, చెయ్యి వదులు చేసినా బండి అదే వేగంతో పోతుంది. బ్రేకు తగిలిందంటే మాత్రం ఆ పట్టు ఊడిపోతుంది.

ఎల్లమంద దగ్గర సర్వీసు చేయించుకుపోయిన కాడి నుంచీ ఆ పట్టు నిలవడం లేదని ఆయన వెనక్కి వచ్చాడు. ఎల్లమంద వైర్లన్నీ విప్పి చూశాడు. చక్రం దగ్గర సెన్సారు తుడిచాడు. బ్రేకు స్విచ్చి కొత్తది వేశాడు. తనే తోలుకుని అద్దంకి దాకా పోయొచ్చాడు. నీళ్లమీద పడవలా పోయింది. పెద్దాయన తోలితే మళ్లీ మామూలే. ఆఖరికి ఆయన్ని షెడ్డులోకి పిలిచి, బండెక్కించి, కాలు ఎక్కడ పెడుతున్నాడో కూడా చూశాడు. తప్పేమీ కనపడలేదు.

ఎల్లమందకి పని నేర్పిన మౌలాలి ఉస్తాద్ షెడ్డులోకి ఎవరూ కాలికి ఏదీ వేసుకుని రాకూడదు. అన్నం పెట్టే చోటు అంటాడాయన. పనివాళ్లయినా, బండి గలవాళ్లయినా గుమ్మం దగ్గర విడిచి రావాల్సిందే. ఎల్లమందకి అది ఎంత అలవాటైందంటే, బండి తోలి చూసేటప్పుడూ ఉత్తకాళ్లతోనే పోతాడు.

పెద్దాయన బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సుగుణమ్మ కింద కూర్చుని ఆయన బూట్ల లేసులు కడుతోంది. లోపం దొరక్క అప్పటికే ఉడికిపోతున్న ఎల్లమంద నోరు ఆగలేదు.

“లేసులు కట్టుకోలేని చేతికి ఇంత బండి ఎందుకు సార్? లోపం బండిలో లేదు.”

బయట టీ తాగుతున్న లారీవాళ్లు నవ్వారు. సుగుణమ్మ వేళ్లు ఆగిపోయాయి. పెద్దాయన తల దించుకుని తన చేతినే చూసుకున్నాడు. ఎవరైనా కొనేవాళ్లుంటే చూడమని, తాము బస్సులో పోతామని చెప్పాడు.

మధ్యాహ్నం నమాజు చదువుకుని వస్తున్న మౌలాలి ఉస్తాద్ అదంతా విన్నాడు. పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఒక్కసారి ఆ బూట్లు ఇప్పించమని అడిగాడు. సుగుణమ్మ కట్టిన లేసులు మళ్లీ విప్పింది.

ఉస్తాద్ బూటు ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. మందంగా ఉంది. రెండు బూట్లూ చేత్తో పట్టుకుని గుమ్మం దాటి లోపలికి తెచ్చాడు. ఆ షెడ్డులోకి బూట్లు రావడం ఎల్లమంద ఎన్నడూ చూడలేదు.

ఉస్తాద్ నేలమీద కూర్చున్నాడు. ఎల్లమంద కాలు పట్టుకుని ఒళ్లోకి లాక్కున్నాడు.

“వద్దు ఉస్తాద్. నేనేసుకుంటా.”

కాలు వెనక్కి తీసుకోబోతే ఆయన వదల్లేదు. భుజమ్మీది తువ్వాలుతో అరికాలికి అంటిన గ్రీజు తుడిచాడు. ఒక బూటు తొడిగాడు, లేసు కట్టాడు. రెండోది తొడిగాడు, కట్టాడు. తెల్లగడ్డం ఎల్లమంద మోకాలికి తగులుతోంది. బయట లారీవాళ్లు టీ గ్లాసులు పక్కన పెట్టి చూస్తున్నారు. భూమి నోరు తెరిస్తే దూరిపోదామనిపించింది ఎల్లమందకి.

“ఎక్కు.”

ఎక్కాడు. తాళం తిప్పి, కాలు ఎప్పటిలాగే పెట్టుకున్నాడు.

“బ్రేకు తొక్కుతున్నావా?”

“లేదు ఉస్తాద్.”

గుమ్మంలో, బండి వెనగ్గా నిలబడ్డ సుగుణమ్మ వైపు చూశాడు ఉస్తాద్.

“వెనక బ్రేకు లైటు వెలుగుతోంది నాయనా,” అంది ఆవిడ మెల్లగా.

ఆ ‘నాయనా’ చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. ఎల్లమంద కిందికి చూశాడు. బూటు ముక్కు బ్రేకు పెడల్ మీద ఆనుకుని ఉంది, కాలికి తెలియనంత తేలిగ్గా. సర్వీసు చేసిన రోజు ఆ పెడల్ ఎత్తు సరిచేసింది తనే. తన ఉత్తకాలికి సరిపోయేట్టు.

స్పానర్ తీసుకుని పెడల్ కిందికి దించాడు. ఆ బూట్లతోనే టోల్‌గేటు దాకా పోయొచ్చాడు. పట్టు ఎక్కడా ఊడలేదు.

బూట్లు విప్పి, తువ్వాలుతో తుడిచి, అరుగు దగ్గరికి తెచ్చాడు. బండి అమ్మే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సుగుణమ్మ వంగబోతుంటే ఎల్లమంద ముందే మోకాళ్ల మీద కూర్చున్నాడు. పెద్దాయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

“నేను కడతా సార్.”

తలెత్తకుండా లేసు బిగించి, బండి మీద మూట కట్టినట్టు గట్టిగా ముడి వేశాడు.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న ఉస్తాద్ ఇటు చూసి అన్నాడు.

“జారుముడి వెయ్యిరా. ఆయన చేత్తో ఆయన విప్పుకోవాలి.”

ఎల్లమంద తను వేసిన ముడి విప్పాడు.