దభేలమ్మ వంతు

ఎండలు ముదిరేసరికి ఎర్రకొండ కింద వాగు చచ్చిపోయింది. మిగిలింది కాళ్ళు కాల్చే ఇసుక. అడవి జంతువులన్నీ నాలుకలు బయటపెట్టి ఆ ఇసుక చుట్టూ తిరిగాయి తప్ప ఏ ఒక్కటీ పని చేయలేదు. చివరికి ఎలుగుబంటి దిగి తవ్వడం మొదలుపెట్టింది. మూడు రోజులు తవ్వింది. గోళ్ళు అరిగి నెత్తురు కారింది. మూడో రోజు సాయంత్రం గొయ్యి అడుగున ఇసుక తడిసింది, ఆ తడి మెల్లగా నీరైంది. అదే చెలమ.

చెలమ దగ్గర తొందర పనికిరాదు. ఒకరు తాగాక మళ్ళీ నీరు ఊరేదాకా రెండోవాళ్ళు ఆగాలి. అంచు మీద ఎవరైనా పడితే ఇసుక జారి ఊట మూసుకుపోతుంది. అందుకని జంతువులు కూర్చుని కట్టుబాటు చేసుకున్నాయి. రోజుకు ఒక్కొక్కరికి ఒక్క వంతు. వంతు కాని వేళ ఎవరూ దిగకూడదు. చెలమ కూల్చినవాళ్ళకు వానలు పడేదాకా వంతు లేదు.

మొదటి వంతు కొమ్ముల కణుజు దుప్పిది, వయసులో పెద్దదని. రెండోది అడవిపందిది, నోరు పెద్దదని. మూడోది నక్కది. దానికి మూడో వంతు ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత కుందేళ్ళు, నెమళ్ళు, కౌజుపిట్టలు. అన్నిటికన్నా చివరి వంతు, చెలమ తవ్విన ఎలుగుబంటిది.

ఇదేం న్యాయం అని ఎవరూ అడగలేదు. ఎలుగుబంటీ అడగలేదు. ఎందుకంటే ఆమె దభేలమ్మ.

పుట్టినప్పుడు తల్లి ఏం పేరు పెట్టిందో అడవి ఎప్పుడో మరిచిపోయింది. ఆమె ముందుకాళ్ళు రెండూ మరీ లోపలికి తిరిగి ఉంటాయి. నాలుగడుగులు బాగానే వేస్తుంది. ఐదో అడుగుకు ఎడమ పాదం పోయి కుడి పాదం మీద ఎక్కుతుంది. దభేలుమని పడుతుంది. తేనె కోసం చెట్టెక్కితే పట్టుతో సహా కిందికి వచ్చేది. ఇప్పపూలు ఏరితే ఏరిన కుప్ప మీదే పడేది. చిన్నప్పుడు తల్లి కొట్టి చూసింది. తోటి పిల్లలు వెక్కిరించి చూశారు. కొడితే కాళ్ళు తిన్నబడతాయా? కాళ్ళు అలాగే ఉన్నాయి. తల మాత్రం వంగిపోయింది.

ఎక్కడ ఏం విరిగిన చప్పుడైనా, తాను ఆ దరిదాపుల్లో లేకపోయినా, "అయ్యో, నాదే తప్పు" అనడం ఆమెకు అలవాటైపోయింది. అలా అనేవాళ్ళు ఒకరు దొరికితే మిగతావాళ్ళకు ఎంత హాయో చెప్పక్కర్లేదు.

నక్క అంతటితో ఊరుకోలేదు. దభేలమ్మ వేషం కట్టేది. నడుం ఊపుకుంటూ నాలుగడుగులు వేసి, ముందుకాళ్ళు మెలికేసి, గిర్రున ఒక చుట్టు తిరిగి, కళ్ళు తేలేసి చతికిలబడేది. చూసినవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. దభేలమ్మ పొద చాటున నిలబడి చూసేది. నేను నిజంగా అలాగే ఉంటాను కాబోలు అనుకునేది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, వంతులన్నీ ముగిసి అందరూ నీడల్లో కునుకు తీస్తుంటే, నక్క ఒక్కటే చెలమ దగ్గరికి వచ్చింది. దాని వంతు పొద్దున్నే అయిపోయింది. దాహం కూడా లేదు. చల్లటి నీళ్ళకు పొట్ట ఆనించి పడుకుందామని వచ్చింది. దిగింది, పడుకుంది, ఊరిన నీరంతా బురద చేసింది. పైకి వస్తూ అంచు మీద కాలు జారి చతికిలబడింది. అంచు విరిగింది. బండెడు ఇసుక జరజరా జారి ఊట మీద పడింది. చెలమ పూడిపోయింది.

నక్క ఒక్క క్షణం తెల్లబోయి చూసింది. ఆ తర్వాత ఒకటే పరుగు.

"కొంప మునిగింది రండర్రా! దభేలమ్మ పడి చెలమ కూల్చేసింది!"

అడవంతా పరుగెత్తుకొచ్చింది. దభేలమ్మను గుహలోంచి లేపి తీసుకొచ్చారు. ఆమె ఇంకా చెలమ వైపు చూడనైనా లేదు.

"అయ్యో, నాదే తప్పు," అంది.

"విన్నారుగా!" అని పంది ఎగిరిపడింది. "ముసలిదైపోతోంది, ఇంకా చూసి నడవడం రాలేదు దీనికి. దీన్ని అంచు దాకా రానివ్వొద్దని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు నా పిల్లలకు నీళ్ళు ఎవరు పోస్తారు, దీని తాతా?"

కణుజు గొంతు సవరించుకుంది. "తనే ఒప్పుకున్నాక ఇంక వాదన ఎందుకు? కట్టుబాటు అందరికీ ఒకటే. దభేలమ్మా, వానలు పడేదాకా నీకు వంతు లేదు. మూడు కొండల అవతల మడుగు ఉందట, అక్కడికి పో. పోయేముందు ఈ ఊట తవ్వేసి పో."

"మూడు కొండలా తాతా? ఈ కాళ్ళతో మొదటి కొండ దిగేలోపే నా ప్రాణం పోతుంది."

"అది కూల్చకముందు ఆలోచించాల్సింది వదినా," అంది నక్క, ఎంతో జాలిగా.

దభేలమ్మ ఇసుకలోకి చూస్తూ నిలబడింది. చివర తాగింది తనే. పైకి వచ్చేటప్పుడు కాలు తడబడిందా? గుర్తు రావడం లేదు. తడబడే ఉంటుంది. ఎప్పుడు తడబడలేదు గనక? ఇలా చావడానికేనా అంత లోతు తవ్వింది?

"ఎలా పడ్డాను బావా?" అని అడిగింది. "చచ్చేముందు అదైనా తెలుసుకుంటాను."

"ఎలా ఏముంది, నీ పద్ధతిలోనే. తాగి పైకి వచ్చావు. కాళ్ళు మెలికపడ్డాయి. గిర్రున తిరిగావు. అంచు మీద చతికిలబడ్డావు. ఈ కళ్ళతో చూశాను."

"చతికిలబడ్డానా?"

"శుభ్రంగా!"

దభేలమ్మ తల ఎత్తింది. బతుకంతా పడుతూనే ఉంది. రాళ్ళ మీద పడింది, ముళ్ళలో పడింది, పదిమందిలో పడింది. ఏనాడూ చతికిలబడలేదు. కాళ్ళు లోపలికి తిరిగినవాళ్ళు ముందుకే పడతారు. ఆమె ముక్కు నిండా మచ్చలు, పిర్రల మీద ఒక్క గీత లేదు. పడటం గురించి ఆ అడవిలో ఆమెకన్నా తెలిసినవాళ్ళు లేరు. ఆ సంగతి ఆమెకు ఇన్నాళ్ళకు తట్టింది.

చెలమ అంచు వైపు చూసింది. విరిగిన చోట ఇసుకలో ఒక గుంట, ఆ గుంట వెనక పొడుగాటి గీత. అంతమంది వచ్చి నిలబడ్డారు, ఒక్కరూ అటు చూడలేదు. చూడాల్సిన పనేముంది? దభేలమ్మ ఉండగా!

ఆమె కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుంది.

"బావా, నాదొక చివరి కోరిక. నా వేషం నువ్వు బాగా కడతావని అందరూ అంటారు. ఎప్పుడూ చాటుగా చూడటమే తప్ప ఎదురుగా చూడలేదు. నేనెలా పడ్డానో ఒక్కసారి చేసి చూపించవూ? చూసి పోతాను."

"ఇప్పుడా?" అంది నక్క.

"చెయ్యి బావా, పాపం పోతోందిగా!" అంది పంది. కుందేళ్ళు కూడా "చెయ్యి, చెయ్యి" అన్నాయి. కణుజు కాదనలేదు. అంతమంది అడిగితే ఆగే ప్రాణమా నక్కది? మీసాలు సర్దుకుంది. అంచు పక్కనే ఎవరూ తొక్కని ఇసుక చూసుకుంది. నడుం ఊపింది, నాలుగడుగులు వేసింది, కాళ్ళు మెలికేసింది, గిర్రున తిరిగి దబ్బున చతికిలబడింది. లేచి అందరికీ దండం పెట్టింది.

జంతువులు విరగబడి నవ్వాయి. వాటన్నిటి మీదుగా ఇంకో నవ్వు వినిపించింది. పెద్దది, బొంగురుది, ఇదివరకు ఆ అడవి విననిది. దభేలమ్మ నవ్వుతోంది. కళ్ళ నీళ్ళు కారేలా నవ్వుతోంది. ఆ నవ్వు విని మిగతావాళ్ళ నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"దీనికి మతి పోయింది," అంది పంది.

"ఇప్పుడే వచ్చిందే పందీ! తాతా, ఇటు రా. నక్క బావ పడిన చోట ఇసుక చూడు. ఏముంది?"

"గుంట ఉంది."

"వెనక?"

"గీత ఉంది. పొడుగ్గా."

"దేంతో పడింది ఆ గీత?"

"తోకతో."

"మరి చెలమ విరిగిన చోట?"

కణుజు రెండడుగులు వేసి వంగింది. చాలాసేపు చూసింది. అదే గుంట. అదే గీత.

దభేలమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. తిరగడంలో కొంచెం తూలింది కూడా. "అందరూ బాగా చూసుకోండి! ఈ బొచ్చులో వెతికితే నాకూ బెత్తెడు తోక దొరుకుతుందేమో. దాంతో అంత గీత గీశానా నేను? గీస్తే ఆ విద్య నాకెవరు నేర్పారు?"

కౌజుపిట్ట కిసుక్కుమంది. కుందేళ్ళు మూతులు మూసుకున్నాయి.

"అబద్ధం!" అని నక్క అరిచింది. "నేను నీళ్ళు తాగడానికి దిగనే లేదు! ఊరికే కాసేపు పొట్ట చల్లబడుతుందని..."

అంటూనే నాలుక కరుచుకుంది.

కణుజు నోరు తెరిచేలోపే పంది కోరలు దించింది. నక్క మొదటి కొండ వైపు పరుగు తీసింది. అది ఎంత దూరం పోయిందో దాని దుమ్ము చెప్పింది. వానలు పడేదాకా దాని వంతు పోయింది.

ఇక ఎవరైనా దభేలమ్మతో ఒక మంచి మాట అంటారేమో! అనలేదు. పందే అంది.

"సరేలే, అయిందేదో అయింది. కాస్త తొందరగా తవ్వు పెద్దమ్మా, దాహంతో నోరు పిడచకట్టుకుపోతోంది."

దభేలమ్మ దాని ముందుకు వచ్చి నిలబడింది.

"పెద్దమ్మనా ఇప్పుడు? మూడేళ్ళ కిందట కౌజుపిట్ట గుడ్లు తొక్కింది నీ గిట్టలే. ఆ అచ్చులు నేను చూశాను. అయినా నాదే తప్పన్నాను. ఆ పిట్ట ఈనాటికీ నాతో మాట్లాడదు. నువ్వు మాత్రం ఆ పిట్ట పక్కనే నిలబడి నన్ను తిట్టావు. తాతా, ఉసిరికొమ్మ విరిచింది నీ కొమ్ములు. అదీ నా నెత్తినే పడింది. నువ్వు పెద్దమనిషివని నోరు మూసుకున్నాను. నువ్వూ మూసుకున్నావు!"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది కౌజుపిట్ట సన్నగా.

"సిగ్గమ్మా! తల వంచుకుని బతికేదాని మీద ఎవరు ఏ మూట పెట్టినా, తనదే అనుకుని మోస్తుంది. ఇక మొయ్యను. నేను పడతాను. నిన్న పడ్డాను, రేపూ పడతాను, ఈ కాళ్ళు ఉన్నన్నాళ్ళూ పడతాను. నేను పడింది నా లెక్క. మీరు పడింది మీ లెక్క. తవ్వుతాను, నాకూ దాహమే. కానీ ఊరిన మొదటి నీళ్ళు నేను తాగుతాను. ఇష్టం లేనివాళ్ళకు గోళ్ళు ఉంటే వచ్చి తవ్వుకోవచ్చు."

అంత లోతు తవ్వే గోళ్ళు ఎవరికీ లేవు. కణుజు పక్కకు తప్పుకుంది.

దభేలమ్మ గొయ్యి అంచుకు దూరంగా నిలబడి, చూసి చూసి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు వేసింది. ఐదో అడుగుకు ఎడమ పాదం పోయి కుడి పాదం మీద ఎక్కింది. దభేలుమని ముక్కు ముందుకు పెట్టి గోతిలో పడింది.

ఒక్కరికీ నవ్వే ధైర్యం లేదు. చెయ్యి అందించిన వాళ్ళూ లేరు. గోతిలోంచి ఇసుక ఉమ్మేసిన చప్పుడు, దాని వెనక బొంగురు గొంతు.

"నవ్వండర్రా, ఏం పర్వాలేదు. ఈసారి నిజంగా నేనే పడ్డాను."

నీతి: నీ తడబాటును చూసి నువ్వే నవ్వగలిగిన రోజున, పక్కవాడి తప్పు నీ నెత్తిన పెట్టడానికి వాడికి చోటు దొరకదు.